కొడుకు బాయ్స్ హైస్కూల్‌ల ఉన్నడా? 8వ తరగతి నుంచి ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ దాక దారి ఎట్ల చూసుకోవాలె

హన్మకొండ, వరంగల్, కాజీపేట, జనగామ, భూపాలపల్లి, ములుగు, ఇట్ల మన దిక్కు ఏ బాయ్స్ హైస్కూల్‌ల గానీ మగపిల్లల గురుకులంల గానీ కొడుకు చదువుతున్న అమ్మానాయినల కోసం రాస్తున్న ఇది. మన దగ్గర ఒక అలవాటుంది, పదో తరగతి రిజల్ట్ వచ్చిన నాడు అందరు కూసొని "ఇగ ఏం చేద్దాం రా" అని మొదలువెడ్తరు, అప్పటికి పాలిటెక్నిక్ అప్లికేషన్ డేట్ అయిపోయి ఉంటది, గురుకుల కాలేజీ డేట్ కూడా అయిపోయి ఉంటది, ఇగ పక్కింటోళ్ల పిలగాడు ఏ కాలేజీల చేరిండో చూసి అదే కాలేజీల ఎంపీసీల పడేస్తరు. తప్పు ఎంపీసీది కాదు, ఆలస్యంది.

ఇంకొకటి ముందే చెప్త. "ఏ గ్రూప్ మంచిది" అన్నది నన్నడిగితే తప్పు ప్రశ్న. అడగాల్సింది ఏందంటే, ఇందుల చేరినంక రెండేండ్లకు పిలగాని మనసు మారితే ఎట్ల బయటపడాలె, బాగ చదివితే ఆడినుంచి పైకి ఎట్ల పోవాలె అని. దీనికి జవాబు దొరికితే ఐటీఐ అయినా మంచిదే, దొరకకుంటే లక్షల ఫీజు కాలేజీ అయినా దండగే.

మొదటి పని: బడి ఏ బోర్డుదో తెలుసుకోండ్రి

నవ్వుకోకుండ్రి, చాలామందికి తెల్వదు. బడి పేరుల టెక్నో, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్ అని ఏమున్నా ఆ పేరుకు సిలబస్‌కు సంబంధం లేదు. జిల్లా పరిషత్ బడి, సర్కారు బడి, మోడల్ స్కూల్, ఎస్సీ ఎస్టీ బీసీ మైనారిటీ గురుకులాలు, మన ప్రైవేట్ బడులల్ల ఎక్కువ భాగం స్టేట్ బోర్డే, అంటే చివరికి పిలగాడు రాసేది ఎస్‌ఎస్‌సీ, స్టేట్ బోర్డు పదో తరగతి పరీక్ష. మామునూరు నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు సీబీఎస్ఈ. ఏ బోర్డుల చదివినా తెలుగు తప్పించుకునుడు లేదు, 2018ల చట్టమే తెచ్చిండ్రు, కాబట్టి "మావోడు సీబీఎస్ఈ, తెలుగు అవసరం లేదు" అని ఎవరన్న అంటే నమ్మకుండ్రి.

మీడియం సంగతి. సర్కారు బడులల్ల 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం మెల్లమెల్లగ పై తరగతులకు ఎక్కిచ్చుకుంట వచ్చిండ్రు, పుస్తకాలు ఒక దిక్కు ఇంగ్లీష్, ఒక దిక్కు తెలుగు ఉంటయి. ఈ రెండు భాషల పుస్తకం మస్తు పనికొస్తది గాని పిలగాళ్లు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకొని ఇంగ్లీష్ పేజీ బట్టీ కొడ్తరు, పరీక్షల సొంత వాక్యం రాయమంటే ఆగిపోతరు. ఇంట్ల ఒక పని చేయొచ్చు, రోజు ఒక పేరా తెలుగుల చదివిచ్చి పుస్తకం మూసి ఇంగ్లీష్‌ల నాలుగు లైన్లు సొంతంగ రాపియ్యండ్రి, తప్పులు వస్తే రానియ్యండ్రి.

రెండో పని: పదో తరగతి మార్కుల లెక్క అర్థం చేసుకోండ్రి

ఇది జర వివరంగ చెప్త, ఎందుకంటే తర్వాత వచ్చే అన్ని దారులు ఈ మెమో మీదనే ఆధారపడి ఉంటయి.

ఒకప్పుడు 11 పేపర్లుండె, ఇప్పుడు 6 సబ్జెక్టులే. తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్, హిందీ సెకండ్, ఇంగ్లీష్ థర్డ్, తర్వాత మ్యాథ్స్, సైన్స్, సోషల్. సైన్స్ ఒకటే సబ్జెక్ట్ గాని రాసేటప్పుడు ఫిజికల్ సైన్స్ 40, బయాలజీ 40 అని రెండు పేపర్లు. ఒక్కో సబ్జెక్టుకు రాత పరీక్ష 80, బడిల పెట్టే ఇంటర్నల్స్ 20, మొత్తం 600. ఈ ఇంటర్నల్స్ తీసేస్తమని 2024 నవంబర్‌ల ఒకసారి అన్నరు, తర్వాత వాయిదా వేసిండ్రు, మళ్ల ఉంచుతమన్నరు, అందుకే ప్రతి ఏడు జూన్‌ల బడి తెరవంగనే "ఈసారి 80-20 యేనా సార్" అని హెచ్ఎం సారును అడిగి కన్ఫర్మ్ చేసుకోండ్రి.

ఆ 20 మార్కులు ఏడికెళ్లి వస్తయంటే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అని బడిలనే పెట్టే పరీక్షలు ఏడాదికి నాలుగు ఉంటయి. అందుల స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు, నోట్సులు, ప్రాజెక్టు, క్లాసుల పాల్గొనుడు గూడ లెక్కకొస్తయి. మగపిల్లల బడిల ఇదే పెద్ద తలనొప్పి, మావోళ్లు పరీక్షంటే ఎట్లనో గట్ల రాత్రంత కూసొని రాస్తరు గాని నోట్సు రాయుమంటే వారం రోజులు తప్పించుకుంట తిరుగుతరు. ఆడపిల్లలతోని పోలిస్తే పోరగాళ్లకు మార్కులు తగ్గేది తెలివి తక్కువై కాదు, నోట్సు పక్కకు పెట్టుట్ల, గైరుహాజరుల తగ్గుతది. పత్తి ఏరే కాలంల, మిర్చి కోతల వారం వారం బడి ఎగ్గొట్టే పిలగాళ్లను ఎంతమందినో చూసినం, కూలి పైసలు కండ్లకు కనపడ్తయి, పోయిన ఎఫ్ఏ మార్కులు కనపడయి.

పాస్ మార్కు 35, హిందీకి మాత్రం 20 వస్తే పాస్. ఇగ ఇక్కడ ఒక మెలిక ఉంది, ఎవ్వరు చెప్పరు. హిందీ 20కి పాస్ అయితది కద అని పిలగాళ్లు హిందీ పుస్తకం ముట్టుకోరు. అదే పిలగాడు రేపు ఆర్మీకి పోత అంటడు, మన ఊర్లల్ల ఆ ఆశ ఉన్నోళ్లు తక్కువేం కాదు, పొద్దున నాలుగింటికి లేచి గ్రౌండుల ఉరుకుతరు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదిల మొత్తం మీద 45 శాతం ఉండాలె, ఒక్కో సబ్జెక్టుల 33 శాతం ఉండాలె. హిందీల 22తోని పాసైనోడు మెమో ప్రకారం పాసే గాని ఆ భర్తీకి పనికిరాడు. ఉరుకుడు వచ్చినా, ఎత్తు ఉన్నా అంతే. గట్లనే రైల్వేల అప్రెంటిస్‌కు పదిల 50 శాతం అడుగుతరు. కాజీపేట పక్కన ఉండి రైల్వే మీద ఆశ పెట్టుకునేటోళ్లు ఈ 50 సంగతి 9వ తరగతిలనే గోడ మీద రాసుకోవాలె.

రాత పేపర్ల పార్ట్-ఎ, పార్ట్-బి అని ఉంటయి, పార్ట్-బి బిట్ పేపర్ 20 మార్కులు. వెనకబడ్డ పిలగానికి నేనిచ్చే సలహా, ముందు బిట్లు పట్టు, తర్వాత చిన్న ప్రశ్నలు, ఎస్సేలు చివరికి. చురుకైనోనికి దీనికి ఉల్టా చెప్త.

మూడో పని: 8వ తరగతిలనే ఎన్ఎంఎంఎస్ రాపియ్యండ్రి

ఎన్ఎంఎంఎస్ అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్, ఈ స్కాలర్‌షిప్ సంగతి చాలామందికి తెల్వదు. సర్కారు, లోకల్ బాడీ, ఎయిడెడ్ బడులల్ల 8వ తరగతి చదివేటోళ్లు రాయొచ్చు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపల ఉండాలె, 7వ తరగతిల 55 శాతం రావాలె, ఎస్సీ ఎస్టీలకు 50. సెలెక్ట్ అయితే 9 నుంచి ఇంటర్ సెకండియర్ దాక ఏడాదికి 12,000. నాలుగేండ్లకు 48,000 అన్నట్టు. పరీక్షల రెండు భాగాలు, ఒకటి మెంటల్ ఎబిలిటీ 90, ఇంకోటి చదువు సబ్జెక్టులు 90. గురుకులం హాస్టల్‌ల ఉన్నోళ్లకు ఇది వర్తించదు, డే స్కూల్ పిలగాళ్లకే.

పైసల కంటే నేను ఇంకో లాభం చూస్త. మెంటల్ ఎబిలిటీ ప్రాక్టీస్ చేసిన పిలగాడు తర్వాత పాలీసెట్‌కు (పాలిటెక్నిక్ ఎంట్రెన్స్) గానీ రైల్వే, పోలీస్ పరీక్షలకు గానీ భయపడడు. సెలెక్ట్ కాకపోయినా ఆ రెండు మూడు నెలల ప్రాక్టీస్ యాడికి పోదు.

నాలుగో పని: కాయితాలు

పదో తరగతి ఫీజు కట్టే టైంల బడిల నామినల్ రోల్ తయారుచేస్తరు, అందుల ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు, మీడియం అన్ని ఉంటయి. ఆ కాయితం మీద పిలగానితోని సంతకం పెట్టిస్తరు, పిలగాడు దోస్తులతోని ముచ్చట పెట్టుకుంట చూడకుండ గీకి వస్తడు. ఆరోజు మీరు బడికి పోండ్రి. ఆధార్‌ల ఎట్ల ఉందో అక్షరం అక్షరం అట్లనే ఉండాలె. ఎందుకంటే ఎస్‌ఎస్‌సీ మెమోల పడ్డ పుట్టిన తేదే జీవితాంతం ప్రూఫ్, తర్వాత మార్పియ్యాలంటే బోర్డు ఆఫీసు చుట్టు తిరుగుడే.

రెండోది బోనఫైడ్. 1 నుంచి 7 దాక ఏడ చదివిండో ఆ బోనఫైడ్లు ఇప్పుడే తీసి ఫైల్‌ల పెట్టుండ్రి. తెలంగాణ సర్కారు ఉద్యోగాలల్ల 95 శాతం లోకల్‌కే, ఆ లోకల్ ఎట్ల తేలుస్తరంటే 1 నుంచి 7వ తరగతి నడుమ ఎక్కువ ఏండ్లు, కనీసం నాలుగు, ఏ జిల్లాల చదివిండో అది. 2018 ప్రెసిడెన్షియల్ ఆర్డర్‌ల ఉన్న రూల్ ఇది. మన దిక్కు పద్మశాలి ఇండ్లల్ల చాలామంది భివండి, సూరత్, షోలాపూర్ పోయి మగ్గాల మీద బతికి మళ్ల వచ్చినోళ్లున్నరు, పిలగాడు ఆడ మూడు నాలుగు క్లాసులు చదివి ఉంటడు. ఆసిఫాబాద్ దిక్కు బల్లార్షా బడులకు పోయినోళ్లు గూడ ఉన్నరు. ఇసొంటోళ్లు ఏ ఏడు ఏ బడి అన్నది తెల్ల కాయితం మీద రాసుకొని లెక్క తేల్చుకోండ్రి. చిన్న ప్రైవేట్ బడులు మూతపడ్తయి, రికార్డు మండల విద్యాధికారి దగ్గరికి పోతది, పదేండ్లకు పోయి అడిగితే దేవులాడుకోవాలె.

డాక్టర్ సీటు మీద ఆశ ఉన్నోళ్లకు వేరే రూల్, 9 నుంచి ఇంటర్ దాక నాలుగేండ్లు తెలంగాణలనే చదివి ఉండాలె అని 2024ల పెట్టిండ్రు. విజయవాడకో రాజస్థాన్‌ల కోటాకో ఇంటర్‌కు పంపే ముందు ఈ ముచ్చట ఇంట్ల మాట్లాడుకోండ్రి.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవల ఎండకాలం మొదట్లనే పెట్టండ్రి, మే, జూన్‌ల లైన్ ఉంటది. పై చదువుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇంటి ఆదాయం ఎస్సీ ఎస్టీలకు 2 లక్షల లోపల, బీసీలకు ఊర్లల్ల లక్షన్నర, పట్నంల 2 లక్షలు.

ఐదో పని: రిజల్ట్ రాకముందే అప్లై చేసుడు

పది పరీక్షలు మార్చిల మొదలైతయి, రిజల్ట్ ఏప్రిల్ ఆఖరుకో ఆ తర్వాతనో వస్తది. ఈ నడుమల పిలగాడు పొద్దంత క్రికెట్ ఆడుతడు, ఆడనియ్యండ్రి, గాని పాలీసెట్, టీజీఆర్‌జేసీ (గురుకుల కాలేజీల ఎంట్రెన్స్) రెండింటికీ అప్లై చేయిపియ్యండ్రి. చేరాల్నా వద్దా తర్వాత చూసుకోవచ్చు, ర్యాంక్ చేతిల ఉంటే నష్టమేం లేదు.

పాలీసెట్: మ్యాథ్స్ 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, అన్నీ పదో తరగతి సిలబస్సే. 120కి 36 వస్తే క్వాలిఫై, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు. సగం పేపర్ మ్యాథ్స్ కాబట్టి మ్యాథ్స్ పక్కా ఉన్నోడు మంచి ర్యాంక్ కొడ్తడు. వ్యవసాయం, వెటర్నరీ, హార్టికల్చర్ డిప్లొమాలు కావాలంటే బయాలజీ 30 గూడ రాయాలె. పొలం ఉండి, పిలగానికి దాని మీద ఇష్టం ఉంటే ఈ అగ్రి డిప్లొమాను తక్కువ చూడకుండ్రి, రెండేండ్లే, ఆ తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు పోవచ్చు. మన అక్కంపేటల పుట్టిన ప్రొఫెసర్ జయశంకర్ సార్ పేరు మీదనే ఆ యూనివర్సిటీ ఉంది, వరంగల్‌ల దాని కాలేజీ గూడ ఉంది.

ఇంజనీరింగ్ డిప్లొమా మూడేండ్లు. వరంగల్ సర్కారు పాలిటెక్నిక్‌ల ఫీజు ప్రైవేట్ ఇంటర్ కాలేజీ ఫీజు ముందర లెక్కకే రాదు. అయిపోయినంక ఉద్యోగానికి పోవచ్చు, లేదంటే ఈసెట్ (డిప్లొమా చేసినోళ్లకు పెట్టే ఎంట్రెన్స్) రాసి సీదా బీటెక్ సెకండియర్‌ల చేరొచ్చు. ఈసెట్ సీట్లు పరిమితంగ ఉంటయి గాని, మూడేండ్లు అదే బ్రాంచ్ చదివినోనికి పేపర్ కష్టంగ ఉండదు. చేతితోని పనిచేసుడు ఇష్టం, రెండేండ్లు పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాక స్టడీ అవర్లల్ల కూసునుడు మాత్రం నావల్ల కాదు అనే పిలగానికి నేను ముందు చెప్పేది ఇదే.

టీజీఆర్‌జేసీ అంటే గురుకుల జూనియర్ కాలేజీల ఎంట్రెన్స్, ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ. హాస్టల్, తిండి, చదువు అన్నీ అందులనే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలకు ఇంటర్ అడ్మిషన్లు వేరేగ ఉంటయి, ఆయా సొసైటీ నోటిఫికేషన్ చూడాలె.

బాసర ఆర్‌జీయూకేటీ, అందరు ట్రిపుల్ ఐటీ అనేది. నిర్మల్ జిల్లా, 2008ల పెట్టిండ్రు. ఎంట్రెన్స్ లేదు, పదిల వచ్చిన మార్కుల మీదనే సీటు, సర్కారు డే స్కూళ్లల్ల చదివినోళ్లకు అదనంగ వెయిటేజీ కలుపుతరు. రెండేండ్లు పీయూసీ (ఇంటర్ లెక్క), నాలుగేండ్లు బీటెక్, మొత్తం ఆరేండ్లు. ఫస్ట్ అటెంప్ట్‌లనే పాసై ఉండాలె. ఊరి బడిల మంచి మార్కులు తెచ్చుకున్న పిలగానికి ఇంత సీదా దారి ఇంకోటి లేదు. పదిహేనేండ్లకే ఇల్లు విడిచి పోవాలె కాబట్టి ఒక్కసారి తీస్కపోయి చూపిచ్చి రాండ్రి, సరస్వతమ్మ దర్శనం గూడ అయితది.

ఆరో పని: ఇంటర్ అనుకుంటే

ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ), బైపీసీ (బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ), సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్), ఒకేషనల్. రెండేండ్లు కలిపి 1000 మార్కులు, పాస్‌కు 35 శాతం. ఎంపీసీ, బైపీసీ వాళ్లు రాసే ఈఏపీసెట్‌ల (ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ఎంట్రెన్స్) ఇంటర్ మార్కులకు వెయిటేజీ ఇప్పుడు లేదు, గాని బీటెక్ చేరాలంటే గ్రూప్ సబ్జెక్టులల్ల 45 శాతం ఉండాలె, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40. మన ఊరి ఎన్ఐటీలనే సీటు కావాలంటే జేఈఈ మెయిన్ ర్యాంక్‌తోని పాటు ఇంటర్‌ల 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65, లేదంటే బోర్డుల టాప్ 20 పర్సంటైల్ ఉండాలె. ఆడ సగం సీట్లు సొంత రాష్ట్రమోళ్లకే. 1959ల ఆర్‌ఈసీగ మొదలైన కాలేజీ మన కాజీపేట రోడ్డు మీద ఉంటే, మన పిలగాళ్లల్ల చాలామంది దాని గేట్ బయటనే చూసి పోతరు.

బైపీసీ తీసుకునే ముందు ఒక మాట. డాక్టర్ ఒక్కటే మనసుల పెట్టుకొని చేరితే, నీట్ తప్పితే ఏంది అన్నది ముందే ఆలోచించాలె. బీఫార్మసీ, అగ్రికల్చర్, వెటర్నరీ, నర్సింగ్, బీఎస్సీ ఇవన్నీ ఉన్నయి, అవి గూడ ఇష్టమైతేనే చేరండ్రి. ఎంపీసీ చదివినోనికి బయటికి వచ్చే దారులు ఎక్కువ, బీటెక్ కాకున్నా డిగ్రీల ఏ దిక్కైనా పోవచ్చు. సీఈసీ అంటే మొద్దులు చదివేది అనే మాట ఇంకా నడుస్తుంది మన దగ్గర, ఆ మాట అన్నోళ్ల ఇంట్ల జీఎస్టీ ఫైల్ చేసేది సీఈసీ చదివి బీకాం చేసినోడే. అకౌంట్స్ మీద బుద్ధి ఉంటే సీఈసీ, మ్యాథ్స్ గూడ వస్తే ఎంఈసీ, ఆ తర్వాత సీఏ ఫౌండేషన్. హెచ్ఈసీ వాళ్లకు డిగ్రీ, లా ఉన్నయి.

ఒకేషనల్ ఇంటర్ చదివి తర్వాత పై చదువులకు పోవాలె అంటే బ్రిడ్జ్ కోర్సు రాయాలె, ఆ సంగతి చేరిన రోజే అడగండ్రి.

కాలేజీకి బోర్డు గుర్తింపు ఉందా లేదా అన్నది ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌ల లిస్ట్ చూసినంకనే పైసలు కట్టండ్రి. పీఆర్వోలు ఫిబ్రవరిలనే ఇంటికొచ్చి "ఇయ్యాల కడితే సగం ఫీజు" అంటరు. పదో తరగతి పరీక్ష రాయని పిలగానికి అడ్మిషన్ ఏంది, మీరే ఆలోచించండ్రి.

ఏడో పని: ఐటీఐ

దీన్ని చివరికి పెట్టిన గాని చివరి దారి అని కాదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేండ్లు, డీజిల్ మెకానిక్, వెల్డర్ ఏడాది. వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడ్లకు 8వ తరగతి పాసైతే చాలు, మిగిలిన వాటికి పది. మనకు ఇటు సింగరేణి, అటు రైల్వే రెండూ దగ్గరే, రెండింట్ల అప్రెంటిస్‌కు ఐటీఐ వాళ్లనే తీసుకుంటరు. పైకి పోవాలంటే ఎల్‌పీసెట్ (ఐటీఐ చేసినోళ్లకు పెట్టే ఎంట్రెన్స్) రాసి పాలిటెక్నిక్ సెకండియర్, ఆడికెళ్లి ఈసెట్, ఆడికెళ్లి బీటెక్. నిదానమే గాని దారి తెగిపోదు. చేరే ముందు ఆ ఐటీఐల మిషన్లు నడుస్తున్నయా లేక దుమ్ము పట్టి ఉన్నయా అన్నది వర్క్‌షాప్‌ల నిలవడి మీ కండ్లతోని చూడండ్రి.

ఫెయిల్ అయితే

తిట్టుడు బంద్ పెట్టి మొదటి రెండు మూడు రోజుల్లనే సప్లిమెంటరీ ఫీజు డేట్ చూడండ్రి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ జూన్‌ల పెడ్తరు, పాసైతే అదే ఏడు ఇంటర్‌ల చేరొచ్చు, ఏడాది పోదు. మార్కులు అనుమానంగ ఉంటే రీకౌంటింగ్ సబ్జెక్టుకు 500, జవాబు పత్రం జిరాక్స్‌తోని రీవెరిఫికేషన్ 1000. ఒకటి రెండు మార్కులతోని పోయినోళ్లు రీవెరిఫికేషన్‌కు పెట్టి గూడ సప్లిమెంటరీ ఫీజు కట్టాలె, ఆ రిజల్ట్ కోసం ఎదురుచూసుకుంట కూసోవద్దు. బడి మొత్తానికే విడిచి పనిల పడ్డోళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది, 14 ఏండ్లు నిండితే పది రాయొచ్చు, ఏప్రిల్‌ల, అక్టోబర్‌ల రెండుసార్లు పరీక్షలు.

రిజల్ట్ వచ్చిన వారంల

ఇంటర్నెట్ మెమో ప్రింట్ తీసుకోండ్రి, ఒరిజినల్ మెమో తర్వాత బడికే వస్తది. బడికి పోయి టీసీ, స్టడీ కండక్ట్, 8, 9, 10 బోనఫైడ్ ఒకటేసారి అడగండ్రి, హెచ్ఎం సారు సంతకం, గుండ్రటి ముద్ర రెండూ ఉన్నయా చూసుకోండ్రి. టీసీల ఉన్న పుట్టుమచ్చలు, పుట్టిన తేది మెమోతోని కలుస్తున్నయా ఆడనే నిలవడి సరిచూడండ్రి, తేడా ఉంటే ఆ రోజే చెప్తే అయిపోతది. ప్రతి కాయితం ఐదు జిరాక్స్‌లు, ఫోన్‌ల ఒక స్కాన్. ఒరిజినల్ టీసీ ఒక్క కాలేజీలనే ఇయ్యాలె కాబట్టి పాలీసెట్ కౌన్సెలింగ్, బాసర లిస్ట్ రెండూ తేలేదాక ప్రైవేట్ కాలేజోళ్లు ఎంత తొందరపెట్టినా ఒరిజినల్ ఇయ్యకుండ్రి, "జిరాక్స్ పెట్టుకోండ్రి సార్, ఒరిజినల్ తర్వాత తెస్తం" అని చెప్పి రాండ్రి.